దూరదేశ విమాన ప్రయాణం: దూరమెంత? కాలమెంత? దేహానికి పట్టే వ్యవధి ఎంత?

శంషాబాదులో 2008 మార్చిలో కొత్త విమానాశ్రయం ప్రారంభమైన తరువాత పాలమూరు, నల్గొండ జిల్లాల వారికి విదేశయానం ఇంటి ముంగిటికి వచ్చినట్లయింది. మహబూబునగరం నుండి జాతీయ రహదారి మీద గంటన్నరలో, నల్గొండ నుండి చౌటుప్పల్ మీదుగా ఔటర్ రింగు రోడ్డు పట్టుకొని రెండు గంటలకు అటూ ఇటూగా విమానాశ్రయం చేరవచ్చు. కుమారుడో కుమార్తెయో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కుటుంబాలు నేడు చిన్న పట్టణాలలో కూడా ఎన్నో కలవు. కోడలి కాన్పుకనో, మనుమల ముద్దుముచ్చటలు చూడాలనో అరవై, డెబ్బై ఏండ్ల వయస్సులో మొదటిసారి విమానమెక్కే తల్లిదండ్రులు తరచుగా నా వద్దకు వస్తుంటారు. వారు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "అయ్యా, ఎన్ని గంటల ప్రయాణం? మేము తట్టుకోగలమా?"

ఈ ప్రశ్నకు టిక్కెట్టు మీద అచ్చయిన గంటలు పూర్తి సమాధానం కావు. దూరం వేరు, గడియారం చూపే కాలం వేరు, దేహం కోలుకొనడానికి పట్టే వ్యవధి వేరు. ఈ మూడింటిని విడివిడిగా తెలుసుకొన్నవారు ప్రయాణంలో కష్టపడరు.

దూరం సంగతి

భూమి గోళాకారం. గోళం మీద రెండు స్థలాల నడుమ అతి దగ్గరి దారి, గోడకు తగిలించిన పటం మీద గీసిన సరళరేఖ కాదు. ఇంటిలో పిల్లల గ్లోబు ఉంటే దాని మీద హైదరాబాదు నుండి డాలస్ నగరానికి ఒక దారం బిగించి చూడండి. దారం పడమటికి పోదు, దాదాపు ఉత్తర ధ్రువం మీదుగానే పోతుంది. ఈ లెక్కన శంషాబాదు నుండి డాలస్‌కు సుమారు 14,400 కిలోమీటర్లు, చికాగోకు సుమారు 13,300 కిలోమీటర్లు, లండనుకు సుమారు 7,750 కిలోమీటర్లు, దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు.

అయితే విమానం మనం గీసిన దారం మీదనే పోదు. గాలివాటం, దేశాల గగనతల నిబంధనలు, దిగవలసిన మజిలీలు దారిని మారుస్తాయి. హైదరాబాదు నుండి డాలస్‌కు పోయేవారు దుబాయిలోనో, దోహాలోనో, లండనులోనో విమానం మారడం పరిపాటి. దుబాయి మీదుగా పోయిన వారికి 2,550, 12,900 కలిపి దాదాపు 15,450 కిలోమీటర్లవుతుంది. అనగా తిన్నని దారి కన్నా వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. హైదరాబాదు, చికాగో నగరాల మధ్య ఎక్కడా ఆగని విమానాన్ని ఎయిర్ ఇండియా సంస్థ 2021 జనవరిలో నడిపింది కాని, ఆ సర్వీసు తరువాత నిలిచిపోయింది.

కాలం సంగతి

పెద్ద విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. హైదరాబాదు నుండి దుబాయికి నాలుగు గంటలు, అక్కడి నుండి డాలస్‌కు పదహారు గంటలు, నడుమ వేచి ఉండేది మూడు నాలుగు గంటలు. దీనికి నల్గొండ నుండి శంషాబాదు చేరే రెండు గంటలు, అక్కడ ముందుగా చేరవలసిన మూడు గంటలు, దిగిన తరువాత తనిఖీలకు, ఇల్లు చేరుటకు పట్టే రెండు గంటలు కలపండి. గడప దాటినది మొదలు గడప చేరేవరకు ముప్పై గంటలు. పిల్లలు ఫోనులో "పదహారు గంటలే నాన్నా" అనేది ఇందులో సగమే.

తిరుగు ప్రయాణంలో ఇదే దూరం గంట, గంటన్నర ముందుగానే ముగియవచ్చు. ఆకాశంలో పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పునకు బలమైన గాలులు వీస్తుంటాయి. వాటికి ఎదురు పోయేటప్పుడు ఆలస్యం, వాటితో కలిసి వచ్చేటప్పుడు త్వరితం. కృష్ణా నదిలో పుట్టి వేసేవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

సూర్యుని గడియారం

భూమి గంటకు 15 భాగలు తిరుగుతుంది, అనగా ఒక్కొక్క భాగకు నాలుగు నిమిషాలు. మన పూర్వ జ్యోతిష్కులు ఉజ్జయిని మీదుగా పోయే రేఖను ఆధారం చేసుకొని ఈ తేడాను దేశాంతర సంస్కారమని లెక్క కట్టారు. నేడు దేశమంతటికీ కాకినాడ సమీపంగా పోయే 82½ భాగల తూర్పు రేఖయే కాలానికి ఆధారం. నల్గొండ ఆ రేఖకు పడమట ఉన్నందున అక్కడ నిజమైన మధ్యాహ్నం సగటున గడియారం కన్నా 13 నిమిషాలు ఆలస్యం, మహబూబునగరంలో 18 నిమిషాలు ఆలస్యం. ఈ రెండు పట్టణాల నడుమ తేడా కేవలం ఐదు నిమిషాలు.

పూర్వం ఎడ్లబండి మీద ఈ రెండూళ్ళ మధ్య ప్రయాణం ఐదారు రోజులు పట్టేది. ఐదు నిమిషాల సూర్యుని తేడాకు దేహానికి ఐదారు రోజుల వ్యవధి దొరికేది. ఈనాడు ఒక్క దినంలో పదకొండున్నర గంటల తేడా దాటిపోతున్నాము. మన దేశానికీ డాలస్‌కూ శీతకాలంలో 11½ గంటలు, అక్కడ గడియారాలు ముందుకు జరిపే వేసవి నెలలలో 10½ గంటలు తేడా కలదు. శీతకాలంలో బుధవారం రాత్రి పది గంటలకు నల్గొండలో బయలుదేరిన వారు డాలస్‌లోని ఇల్లు చేరేసరికి అక్కడ గురువారం సాయంకాలం నాలుగున్నర. తేదీలు చూస్తే పద్దెనిమిదిన్నర గంటలు, దేహం మోసినవి ముప్పై గంటలు.

అష్టాంగ హృదయంలో వాగ్భటాచార్యులు పగటిలోనూ రాత్రిలోనూ మొదటి భాగం కఫానికి, నడిమి భాగం పిత్తానికి, చివరి భాగం వాతానికి ప్రబలమైన కాలమని చెప్పారు. ఆకలి, నిద్ర, విసర్జనము ఈ క్రమంలోనే నడుస్తాయి. జీవకణాలలోనే కాలమానం ఉన్నదని, దానిని నడిపే జన్యువులు ఇవియని నిరూపించిన జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. ఆ లోపలి గడియారం విమానంతో పాటు పరుగెత్తలేదు. అది సాధారణంగా దినానికి గంట చొప్పున మాత్రమే సర్దుకుంటుంది. డాలస్‌లో మధ్యాహ్నం పన్నెండు గంటలకు కోడలు అన్నం వడ్డించినప్పుడు అత్తగారి జఠరాగ్నికి అది నల్గొండలోని రాత్రి పదకొండున్నర. ఆమెకు అన్నం సయించలేదంటే వంట బాగాలేదని కాదు, అలిగినదనీ కాదు. ఇది తెలియక మొదటి వారంలోనే మనస్సులు నొచ్చుకొన్న ఇండ్లను నేనెరుగుదును. జెట్ లాగ్ అని పిలిచే ఈ బాధకు పది పన్నెండు రోజుల వ్యవధి ఇవ్వాలి.

విమానంలో వాతప్రకోపం

రూక్షత, శీతలత, లఘుత్వం, చలనం మొదలైనవి వాతగుణాలని శాస్త్రం. అధిక ప్రయాణం, రాత్రి జాగరణ, వేగనిరోధం అనగా మలమూత్రాలను బిగబట్టుకొనుట, వేళ తప్పిన భోజనం వాతాన్ని ప్రకోపింపజేస్తాయి. విమానంలో ఇవన్నీ ఒక్కచోట కలుస్తాయి. లోపలి గాలిలో తేమ సాధారణంగా పది నుండి ఇరవై శాతమే. అందువలన ముక్కు, గొంతు, కండ్లు, చర్మం ఎండుతాయి. లోపలి గాలి పీడనం సుమారు ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్లుంటుంది. ఆ పీడనంలో ప్రేగులలోని వాయువు సుమారు నాలుగో వంతు నుండి మూడో వంతు వరకు వ్యాకోచిస్తుంది. గాలి నింపి మూసిన తినుబండారపు పొట్లం విమానంలో ఉబ్బిపోవడం చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. పొట్లానికి జరిగినదే పొట్టకూ జరుగుతుంది.

మరుగుదొడ్డికి పోవడానికి బిడియపడి నీరు త్రాగడం మానివేసే స్త్రీలు చాలమంది. ఇది మేలు కాదు. వచ్చిన వేగాన్ని అణచరాదని చరకాచార్యులు ప్రత్యేకంగా ఒక అధ్యాయంలో చెప్పారు.

కాళ్ళ విషయంలో జాగ్రత్త

నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగిసి సడలుతూ రక్తాన్ని గుండె వైపునకు తోస్తాయి. గంటల తరబడి కదలక కూర్చుంటే ఆ పని నిలిచిపోయి పాదాలు వాస్తాయి. రెండు పాదాలూ కొద్దిగా సమంగా వాచి, ఒకటి రెండు రోజులలో తగ్గిపోతే సాధారణంగా భయం లేదు. కాని కొందరిలో పిక్కలోని లోతైన సిరలలో రక్తం గడ్డకడుతుంది. నాలుగు గంటలు మించిన ప్రయాణం తరువాత ఈ ప్రమాదం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. ఆరోగ్యవంతులలో ఇది ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేటంత అరుదు. అయితే ఇటీవల శస్త్రచికిత్స అయినవారికి, క్యాన్సరు ఉన్నవారికి, స్థూలకాయులకు, గర్భిణులకు, బాలింతలకు, లోగడ గడ్డకట్టిన వారికి ప్రమాదం హెచ్చు.

కొన్నేండ్ల క్రితం అమెరికా నుండి తిరిగివచ్చిన ఒక పెద్దాయనను ఆయన కుమార్తె నా వద్దకు తీసుకొనివచ్చింది. ఎడమ పిక్క ఒక్కటే వాచి, వేడిగా, తాకితే నొప్పిగా ఉన్నది. వాతపు వాపు అయి ఉంటుంది, తైలం ఇవ్వండి, ఇంట్లో మర్దన చేస్తామని వారడిగారు. నేను తైలమివ్వలేదు. కాలు ముట్టుకోవద్దని చెప్పి అప్పుడే ఆసుపత్రికి పంపాను. పరీక్షలో రక్తపు గడ్డ బయటపడింది. సకాలంలో చికిత్స దొరికి ఆయన కోలుకున్నారు. మర్దన చేసి ఉంటే ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి వచ్చేది. కావున గృహిణులు ఈ ఒక్క మాట తప్పక గుర్తుంచుకోవాలి: ప్రయాణమైన కొద్ది వారాలలో ఒక కాలు మాత్రమే వాచినా, ఎరుపెక్కినా, హఠాత్తుగా ఆయాసమో ఛాతీ నొప్పియో కలిగినా తైలం, కాపడం, కషాయం ఏవీ చేయరాదు. ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలి. ఏ వైద్యం ఎక్కడ ఆగవలెనో తెలియడం కూడా వైద్యమే.

నల్గొండ వృద్ధులకు ఒక ప్రత్యేక సూచన

మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాలలో ఫ్లోరైడు నీరు త్రాగి పెరిగినవారిలో వెన్ను, మెడ, మోకాళ్ళు బిగిసిపోవడం అందరూ ఎరిగినదే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించిన నీటి శుద్ధి విధానానికి "నల్గొండ పద్ధతి" అనే పేరు వచ్చిందంటే ఈ బాధ ఎంతటిదో ఊహించవచ్చు. ఇట్టివారు ముప్పై గంటల ప్రయాణంలో రెట్టింపు శ్రమపడతారు. టిక్కెట్టు కొనేటప్పుడే నడవ పక్క సీటు, విమానాశ్రయాలలో వీల్‌చైరు అడగాలి. ఇందులో చిన్నతనమేమీ లేదు. నడుము వెనుక మడిచిన దుప్పటి పెట్టుకోవాలి. మెడను విరిచే మర్దనలు ప్రయాణానికి ముందుగాని తరువాతగాని చేయించరాదు. వీలున్నవారు నడుమ మజిలీలో ఒక రాత్రి విశ్రమించేటట్లు ఏర్పాటు చేసుకొంటే మరీ మంచిది.

ప్రయాణానికి ముందు

చరకాది ఆచార్యులు అలవాట్లను మార్చుకొనే విధానాన్ని పాదాంశిక క్రమమని చెప్పారు. పాతదానిని పావు వంతు చొప్పున విడుస్తూ, కొత్తదానిని పావు వంతు చొప్పున పట్టాలని దాని భావం. లండను వంటి నాలుగైదు గంటల తేడా గల చోటికి పోయేవారు నాలుగు రోజుల ముందు నుండి దినానికి అరగంట చొప్పున ఆలస్యంగా పడుకొని ఆలస్యంగా లేవడం ఈ పద్ధతికి సరిపోతుంది. అమెరికా తేడా దాదాపు పగలు రాత్రి తారుమారు కనుక ఇంటివద్ద నిద్రను మార్చడం వలన ప్రయోజనం తక్కువ. వారు ఆహారాన్ని మాత్రం సిద్ధం చేసుకొంటే చాలు.

బయలుదేరడానికి మూడు రోజుల ముందు నుండి శనగపిండి వంటలు, బఠాణీలు, వేపుళ్ళు, నిలువ పచ్చళ్ళు తగ్గించాలి. పెసరపప్పు, నేయి, ఆనపకాయ, బీరకాయ, అన్నం, పలుచని మజ్జిగ శ్రేష్ఠం. మలబద్ధం ఉన్నవారు పది పన్నెండు ఎండుద్రాక్షలను రాత్రి నానబెట్టి ఉదయం నీటితో సహా తీసుకోవచ్చు. మధుమేహం ఉన్నవారికి ఇది తగదు. బయలుదేరే ముందు ఆముదం, విరేచన చూర్ణాలు సేవించరాదు. రోజూ స్నానానికి ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో ఒళ్ళు, ముఖ్యంగా పాదాలు, తేలికగా రుద్దుకోవడం మేలు.

ప్రయాణంలో

1. దాహం వేసేవరకు ఆగక గంటకొకసారి అరగ్లాసు నీరు త్రాగాలి. గుండె, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు తమ వైద్యులు చెప్పిన కొలత దాటరాదు. మద్యం పనికిరాదు, కాఫీ టీలు మితం.

2. ఒకటి రెండు గంటలకొకసారి లేచి నడవాలి. కూర్చున్నచోటనే మడమలు ఆనించి వేళ్ళు పైకెత్తడం, వేళ్ళు ఆనించి మడమలెత్తడం ఇరవై పర్యాయాలు చేయాలి. గడ్డకట్టే ప్రమాదం హెచ్చుగా ఉన్నవారు వైద్యుల సలహాపై మోకాలి దిగువకు వచ్చే బిగుతు మేజోళ్ళు ధరించాలి. నిద్రమాత్రలు వేసుకొని కదలక పడి ఉండడం మంచిది కాదు.

3. ముక్కు ఎండకుండా చిటికెన వ్రేలితో కొద్దిగా నేతిని ముక్కుపుటాల అంచులకు పూయాలి. విమానంలో ముక్కులోనికి చుక్కలు పోసుకొనరాదు.

4. వికారం కలిగితే చిన్న శొంఠి ముక్క బుగ్గన పెట్టుకోవాలి. కడుపు ఉబ్బరానికి పావు చెంచా వాము నమిలి వెచ్చని నీరు త్రాగాలి.

5. విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బెడ వేస్తే ఏలకి నములుతూ గుటకలు వేయాలి. తీవ్రమైన జలుబు, చెవిపోటు ఉన్నవారు వైద్యునికి చూపించుకోకుండా విమానమెక్కరాదు.

6. మనుమల కోసం చేసిన సకినాలు, చెక్కలు దారి పొడవునా తానే తింటూ పోవడం కొందరికి అలవాటు. అవి రూక్షమైనవి, బరువైనవి. వాటిని పెట్టెలోనే ఉంచి, మెత్తని ఇడ్లీ, పెరుగన్నం వంటివి సగం కడుపుకు తినాలి.

మందుల సంచి

రోజూ వాడే మాత్రలు, ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. సామాను గదిలో పెట్టిన ఇన్సులిన్ గడ్డకట్టి చెడిపోవచ్చు. వైద్యుని చీటీ వెంట ఉండాలి. పడమటికి పోయేటప్పుడు దినం పొడవవుతుంది, తిరిగి వచ్చేటప్పుడు కురచవుతుంది. కావున మధుమేహం, రక్తపోటు మందుల వేళలను బయలుదేరక ముందే మీ వైద్యునితో వ్రాయించుకోవాలి. చేతిసంచిలో నూరు మిల్లీలీటర్లకు మించిన తైలం, ఆసవం, అరిష్టం సీసాలను అనుమతించరు. భస్మాలు, రసౌషధాలు సొంతంగా కొని వెంట తీసుకొనిపోవద్దు. పాదరసం, సీసం ఉన్న మందులకు విదేశాలలో అభ్యంతరాలు కలవు, వైద్య పర్యవేక్షణ లేకుండా వాటి వాడకం ఇక్కడ కూడా తగదు. అమెరికాకు పచ్చి కరివేపాకు, మాంసపు పచ్చళ్ళు తీసుకొనిపోరాదు.

దిగిన తరువాత

మొదటి నాలుగు రోజులు అక్కడి పగలును పగలుగా, రాత్రిని రాత్రిగా ఒప్పుకోవడమే ప్రధాన చికిత్స. ఉదయం, సాయంకాలం ఆరుబయట అరగంట నడవాలి. వెలుతురు లోపలి గడియారాన్ని సరిచేస్తుంది. పగలు నిద్ర ఆగకపోతే అరగంట మించకుండా కునుకు తీయవచ్చు. ఆకలి కానిదే తినరాదు. మొదటి రెండు రోజులు పెసరపప్పు జావ, మజ్జిగన్నం చాలు. మూడవ రోజు నుండి సగం భోజనం, వారం దాటిన తరువాత నిండు భోజనం. రాత్రి పడుకొనే ముందు గోరువెచ్చని పాలు, అరికాళ్ళకు నువ్వులనూనె. కాలి వాపు లేనివారికే ఈ తైలమర్దన అని మరల చెబుతున్నాను. నడిరాత్రి మెలకువ వస్తే దీపం వేసి టీవీ, ఫోను చూడక, చీకటిలో కండ్లు మూసుకొని పడుకోవాలి.

పిల్లలకు కూడా ఒక మనవి. తల్లిదండ్రులు దిగిన మరునాడే వారిని ఊళ్ళు చూపించడానికి త్రిప్పవద్దు. వారం రోజులు ఇంట్లో ఉంచండి. టిక్కెట్టు కొనేటప్పుడు ధరతో పాటు మజిలీలో ఎంతసేపు ఉండవలెనో, దిగే వేళ పగలా రాత్రియా అన్నది కూడా చూడండి. సాయంకాలం దిగితే తేలికగా భోంచేసి పడుకోవచ్చు, కొత్త చోట ఆ మొదటి రాత్రి నిద్ర విలువైనది. గుండెపోటు, పక్షవాతం, శస్త్రచికిత్స ఇటీవల జరిగినవారు, శ్వాసవ్యాధి ఉన్నవారు తమ వైద్యుని అనుమతి లేనిదే టిక్కెట్టు కొనరాదు. తక్కినవారు డెబ్బై ఏండ్లు దాటినా ఈ నియమాలు పాటించి నిశ్చింతగా వెళ్ళిరావచ్చు.